గడపలు తీసేసిన ఇల్లు

వట్లూరులో అచ్చమ్మ ఇంటికి ఎవరైనా మొదటిసారి వెళితే కాఫీ వెంటనే రాదు. ముందు తలుపులు చూడాలి. కుర్చీలో కూర్చోబోతున్న మనిషిని లేపి మరీ, "అలా ఒక్కసారి రండి, మా వంటింటి గుమ్మం చూద్దురుగాని" అంటూ వెంటబెట్టుకుని తీసుకెళుతుంది. వచ్చినవాళ్ళు కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాళ్ళైనా సరే, వదలదు.

ఆవిడని అని లాభం లేదు. ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒక్క అచ్చులో పోసినవే. కాలేజీలొచ్చాక చుట్టూ పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు మేడలయ్యాయి. ఆ మేడల్లో లోపలి తలుపులు మాత్రం దుకాణంలో కొని తెచ్చి బిగించిన నున్నటి పలకలు. పడగ్గది తలుపేదో, బాత్రూం తలుపేదో తెలియాలంటే తీసి చూడాల్సిందే. అచ్చమ్మ ఇంట్లో ఆ ఇబ్బంది లేదు. దేవుడి గది తలుపుకి వరసగా చిన్న చిన్న గంటలు, పడగ్గది తలుపు మీద విచ్చుకున్న తామర, కొడుకు గోపీచంద్ గది తలుపు చుట్టూ వరికంకులు చెక్కిన సన్నటి బీడింగు పట్టీ. హాలుకీ వంటింటికీ మధ్య గుమ్మానికి తలుపు లేదు గానీ, దాని నెత్తిన హాలు వైపూ వంటింటి వైపూ చెక్కపట్టీ ఉంది. ఆ పట్టీ పొడుగునా కొల్లేటి కొంగలు బారులు తీరి ఉంటాయి.

కొంగలన్నది అచ్చమ్మ మాట. పట్టీ వెడల్పు చాలక మెడలకి చోటు దొరకలేదు. చెక్కిన వడ్రంగి కృపావరం, తాడేపల్లిగూడెం మనిషి, పాపం మెడలు తగ్గించాడు, మెడలకి తగ్గట్టు ముక్కులు తగ్గించాడు, కాళ్ళు కూడా కుదించాడు. ఆఖరికి అవి ఏ పక్షులయ్యాయో చూసినవాళ్ళకి తెలిసిపోతుంది. అచ్చమ్మ భర్త నరసింహమూర్తి గృహప్రవేశం రోజునే పంచె సర్దుకుంటూ తల పైకెత్తి చూసి, "కోళ్ళు బాగా కుదిరేయే" అన్నాడు. ఆ రోజు మొదలు ఆ ఇంట్లో అదొక తెగని తగువు. ఆయన కోళ్ళంటాడు, ఆవిడ కొంగలంటుంది. ఎదురింటివాళ్ళు కూడా రెండు పక్షాలుగా చీలిపోయారు.

అయినా ఆవిడ అసలు గర్వం కొంగలు కావు, గడపలు. అచ్చమ్మ పుట్టింది మండవల్లి అవతల, కొల్లేటి అంచున. వానాకాలం ముదిరితే సరస్సు ఊళ్ళోకి వచ్చేది. అందుకని వాళ్ళింట్లో వీధి గుమ్మానికే కాదు, లోపల ప్రతి గుమ్మానికీ జానెడెత్తు గడప ఉండేది. నీళ్ళనీ, నీళ్ళతో పాటు వచ్చే పురుగూ పుట్రనీ ఆపడానికి. ఆ గడపలకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టే పని చిన్నప్పుడే ఆవిడ చేతికొచ్చింది. పెళ్ళై గణపవరం వెళితే అక్కడా అదే పని. ఆ ఇంటికి వరిచేలు, ఆ తర్వాత చేపల చెరువులు, వాటన్నిటి మీదా ఒక అత్తగారు. ఆ అత్తగారికి గడప దగ్గర మహా పట్టింపు. గడపని దాటాలి గానీ తొక్కకూడదు. ఎవరైనా తొక్కితే చేతిలో ఉన్న అట్లకాడతో పిక్క మీద ఒక్కటి పడేది. ఆవిడ కొడుకు నరసింహమూర్తి పిక్కలు ఆ అట్లకాడ రుచి బాగా ఎరిగినవే.

గోపీచంద్‌కి కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చాక అందరూ కలిసి వట్లూరులో ఇల్లు కట్టుకున్నారు. ప్లాను తెచ్చిన ఇంజనీరు, "లోపలి గుమ్మాలకి గడపలు ఈ రోజుల్లో ఎవరూ పెట్టుకోవట్లేదండి" అన్నాడు.

"గడప లేకపోతే అది గుమ్మం ఎలా అవుతుందండీ, గోడకి కన్నం అవుతుంది గానీ" అంది అచ్చమ్మ.

ఇంజనీరు గోపీచంద్ వైపు చూశాడు. గోపీచంద్ సీలింగు వైపు చూశాడు. గడపలొచ్చాయి. నాలుగు వేళ్ళ ఎత్తున, మంచి టేకుతో, కృపావరం ఒక్కొక్కదాన్ని చిత్రిక పట్టి అద్దంలా చేసి కూర్చాడు. శుక్రవారం వస్తే చాలు, అచ్చమ్మ పసుపు గిన్నె పట్టుకుని ఇల్లంతా వంగి వంగి తిరిగేది. పచ్చటి గడప మీద ఎర్రటి బొట్లు ఆరేదాకా ఎవరినీ అటూ ఇటూ కదలనిచ్చేది కాదు.

అలా కొన్నేళ్ళు బాగానే గడిచాయి. తర్వాత నరసింహమూర్తికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. బొటనవేలూ చూపుడువేలూ ఊరికే ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉండేవి. ఏలూరులో డాక్టరు చూసి పార్కిన్సన్స్ అన్నాడు, మందులు రాసిచ్చాడు, ముందు ముందు నడక కూడా తడబడొచ్చని చెప్పాడు. చెరువులు కౌలుకిచ్చేశారు. ఆయన అడుగులు చిన్నవయ్యాయి, మాట మెత్తబడింది.

అయినా ఒక్క అలవాటు మాత్రం పోలేదు. పొద్దున్నే పడగ్గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి మెల్లగా వచ్చి, పొయ్యి పక్కనున్న స్టూలు మీద కూర్చునేవాడు. కాఫీ అక్కడే తాగాలి. పెళ్ళైన కొత్తలో గణపవరంలో మొదలైన అలవాటది. చెరువులు తవ్వించే సంగతీ, ఈ ఇల్లు కట్టే సంగతీ పొయ్యి పక్కన తేలినవే. కాఫీ అయ్యాక గ్లాసు దించి, తల పైకెత్తి, "కోళ్ళు ఇంకా మేతకి పోలేదేంటే" అనేవాడు. "కొంగలు" అనేది అచ్చమ్మ, వెనక్కి తిరక్కుండానే. అక్కడితో ఆ ఇంట్లో రోజు మొదలైనట్టు.

ఒక వానాకాలం సాయంత్రం ఆయన పడ్డాడు. గడప తగిలి కాదు. వరండాలో తడిసి ముడతపడిన కాళ్ళపట్టా మీద కాలు జారింది. మోకాలు చెక్కుకుపోయింది, అంతే. కానీ ఇల్లంతా హడలిపోయింది. ఫోన్లు చేసిన చుట్టాలందరిదీ ఒకటే మాట, ఇంట్లో కాళ్ళకి అడ్డొచ్చేవి ఏమైనా ఉంటే తీసేయండని. గోపీచంద్ గడపల వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు.

"కృపావరానికి ఫోను చెయ్యరా" అంది అచ్చమ్మ తనంతట తనే.

కృపావరం రంపం తెచ్చుకుని వచ్చాడు గానీ గుమ్మం దగ్గర కూర్చుని తటపటాయించాడు. "నిజంగానేనండీ అమ్మగారూ? వీటి కోసం ఆ రోజు ఇంజనీరు గారితో అంత దెబ్బలాడేరు కదండి."

"ఆ రోజు గడపలు కావాలి. ఇవాళ మనిషి కావాలి. కొయ్యి" అంది.

కోసే ముందు మాత్రం పసుపు రాసి బొట్టు పెట్టింది, అది శుక్రవారం కాకపోయినా. కోసిన గడపల్ని పొయ్యిలో పెట్టకూడదు, చెత్తలో వెయ్యకూడదు. అందుకని పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టించింది. వీధి గుమ్మం గడపని ఎవరూ ముట్టుకోలేదు గానీ, దాని మీద వాలుగా ఒక చెక్క పరిచి కనబడకుండా కప్పేశారు. లోపలి గుమ్మాల కింద టైల్సు అతికించి, హాలు ఎక్కడ అయిపోయిందో గది ఎక్కడ మొదలైందో తెలియనంత నున్నగా చేశారు. మొదటి శుక్రవారం అచ్చమ్మ అలవాటు కొద్దీ పసుపు కలుపుకుని వచ్చి, రాయడానికి ఏమీ లేక, గిన్నె తీసుకెళ్ళి కడిగేసింది. బాధ లేదా అంటే ఉంది. కానీ మంచి పనే చేశామని గట్టిగా నమ్మింది.

ఆ తర్వాతే నరసింహమూర్తి గుమ్మాల దగ్గర ఆగిపోవడం మొదలుపెట్టాడు.

హాల్లో బాగానే నడిచేవాడు. గుమ్మం దాకా వచ్చేవాడు. అక్కడ పాదాలు నేలకి అతుక్కుపోయేవి. పైమనిషి ముందుకి వంగేది, పాదాలు మాత్రం ఉన్నచోటే చిన్నగా కొట్టుకునేవి. "రండి, ఏమీ లేదు, అంతా నున్నగా ఉంది" అనేది అచ్చమ్మ చెయ్యి పట్టుకుని. "తెలుసే. కాలు రావట్లేదు" అనేవాడాయన. లాగితే పడిపోతాడేమోనని భయం, వదిలేస్తే అలాగే నిలబడతాడు. వంటింటి గుమ్మం దగ్గరైతే మరీ కష్టంగా ఉండేది. లోపల కాఫీ పొంగు కనబడుతూనే ఉండేది, స్టూలు కనబడుతూనే ఉండేది, ఆయన ఆ కొంగల కింద నిలబడి చెమటలు కక్కేవాడు. కొన్నాళ్ళు చూసి అచ్చమ్మ కాఫీ మంచం దగ్గరికే పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది. ఆయన తాగి గ్లాసు ఇచ్చేసేవాడు. కోళ్ళ మాట ఎత్తడం మానేశాడు. అచ్చమ్మకి అన్నిటికన్నా అదే ఎక్కువ భయం వేసింది.

రోగం ముదిరిందనే అందరూ అనుకున్నారు. నడక తడబడుతుందని డాక్టరు ముందే చెప్పాడు కదా, అదే ఇది. గోపీచంద్ ఏలూరు నుంచి స్టెల్లా అనే ఫిజియోథెరపిస్టుని మాట్లాడాడు. స్కూటీ మీద వచ్చే చురుకైన పిల్ల. ముందు హాల్లో లేచి కూర్చోవడం, చప్పట్లకి అడుగులు వేయడం నేర్పించసాగింది. "గుమ్మాల దగ్గర కాళ్ళకి అడ్డం ఏమైనా ఉందా ఆంటీ?" అని మొదటి రోజే అడిగింది. "ఏమీ లేదమ్మా, అన్నీ చదును చేయించేశాం" అంది అచ్చమ్మ. ఇంతకు ముందు ఏమైనా ఉండేదా అని ఆ పిల్లకి అడగాలని తోచలేదు, చెప్పాలని వీళ్ళకీ తోచలేదు. "సరే, ఈ వ్యాయామాలు కుదుటపడ్డాక గుమ్మాల సంగతి చూద్దాం" అంది స్టెల్లా.

అంతలో గోపీచంద్ ఒక ఆలోచన చేశాడు. హాల్లో బాత్రూం పక్కన ఒక మూలకి చెక్క అడ్డుగోడ కట్టించేస్తే చిన్న గదిలా అవుతుంది. అందులోనే మంచం, టీవీ. "నాన్నగారు ఇంక గుమ్మాలతో అవస్థపడక్కర్లేదమ్మా. అన్నీ అక్కడికే వస్తాయి" అన్నాడు.

అన్నీ అక్కడికే వస్తాయి, ఆయన మాత్రం ఎక్కడికీ రాడు. అచ్చమ్మకి ఆ సంగతి చెప్పకుండానే అర్థమైంది. ఒకసారి ఆ మూల గదిలో పడుకోబెడితే ఆ కాళ్ళు మళ్ళీ నడవడం ఉండదు, వంటింట్లో ఆ స్టూలు ఇంక ఖాళీయే. ఆ మాట పైకి అనలేదు. అంటే కొడుకు చేయగలిగింది మాత్రం ఏముంది? వాడూ తండ్రి గుమ్మంలో నిలబడి చెమటలు కక్కడం చూడలేకే కదా అన్నాడు. "సరేలే, చెక్కపని కృపావరం చేతే చేయిద్దాం" అని మాత్రం అంది.

నరసింహమూర్తి అంతా విన్నాడు. "నాకు గది కడుతున్నారంటే తలుపు నేనే చూసుకుంటా. నేనూ వస్తాను" అన్నాడు. వద్దంటే వినలేదు. కారు దాకా తీసుకెళ్ళడానికి వీధి గుమ్మం దగ్గర తల్లీ కొడుకూ చెరో పక్కన పట్టుకుని పెద్ద యుద్ధమే చేశారు.

తాడేపల్లిగూడెంలో కృపావరం షెడ్డు రేకుల కింద పొడుగ్గా ఉంటుంది. ఆ రోజు ఏదో అపార్ట్‌మెంటుకి చేసిన ద్వారబంధాలన్నీ నేల మీద పడుకోబెట్టి ఉన్నాయి, పాలిష్ ఆరడానికి. వాటి మధ్య మధ్య బీడింగు పట్టీలు. అడుగు పెట్టే సందు లేదు. కృపావరం నరసింహమూర్తికి షెడ్డు మొదట్లో ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. "మీరిక్కడ కూర్చోండయ్యగారూ, బొమ్మలన్నీ నేనే తెచ్చి చూపిస్తానండి" అన్నాడు. అచ్చమ్మనీ గోపీచంద్‌నీ గోడవారగా చుట్టు తిప్పి షెడ్డు చివరికి తీసుకెళ్ళాడు. అక్కడ చెక్క నమూనాలు నిలబెట్టి ఉన్నాయి.

అచ్చమ్మ వాటిని చూస్తోంది గానీ ఏదీ కంటికి ఆనట్లేదు. జీవితంలో మొదటిసారి ఆవిడకి ఒక తలుపు ఎలా ఉంటే ఏమిటనిపించింది. "ఇది బాగుంటుందా అమ్మా?" అని గోపీచంద్ ఏదో చూపిస్తుంటే తల ఊపి, ఆయన ఏం చేస్తున్నాడో అని వెనక్కి చూసింది.

కుర్చీ ఖాళీగా ఉంది. నరసింహమూర్తి షెడ్డు మధ్యలో ఉన్నాడు. పడుకోబెట్టిన ద్వారబంధాల మీదుగా నడుస్తున్నాడు.

గోపీచంద్ పరిగెత్తబోతే కృపావరం చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండండి బాబూ. పిలిస్తే ఉలిక్కిపడతారు. చూడండి ముందు" అన్నాడు నెమ్మదిగా.

చూశారు. ఆయన తల వంచుకుని, నేల మీద ఉన్న చెక్కనే చూస్తూ, కాలు ఎత్తాడు. మోకాలు పైకి లేచేంత ఎత్తాడు. చెక్క దాటి అవతల వేశాడు. రెండో కాలు దాని వెంట వచ్చింది. తర్వాత బీడింగు పట్టీ, అదీ దాటాడు. ఆ తర్వాత మరో ద్వారబంధం. పాదం ఎక్కడా చెక్కకి తగల్లేదు. పంచె ఒక చేత్తో కాస్త పైకి పట్టుకుని, చెరువు గట్టు మీద నడిచినంత తాపీగా వస్తున్నాడు. ఆఖరి చెక్క కూడా దాటి, ఏమీ లేని సిమెంటు నేల మీదకి వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. పాదాలు మళ్ళీ కొట్టుకోవడం మొదలైంది.

ఆయన తలెత్తి ముగ్గురినీ చూశాడు. "కృపావరం, ఇంకోటి వెయ్యి" అన్నాడు.

కృపావరం చేతికి దొరికిన బీడింగు పట్టీ తీసి ఆయన పాదాల ముందు అడ్డంగా పెట్టాడు. ఆయన కాలెత్తి దాన్ని దాటాడు. ఇంకోటి పెట్టాడు. అదీ దాటాడు. అలా పట్టీల మీద పట్టీలు దాటుకుంటూ అచ్చమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఆవిడ అక్కడున్న పలకల దొంతర మీద కూలబడిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వస్తే ఏది ముందు కానివ్వాలో తెలియలేదు. "ఇంట్లో రాని కాలు ఇక్కడెలా వచ్చిందండీ మీకు?" అంది.

ఈమధ్య ఏ మాటకైనా ఆయనకి కాస్త వ్యవధి కావాలి. "అడ్డం ఉంటే దాటాలని కాలికి తెలుస్తోందే. మా అమ్మ నేర్పింది కదా" అన్నాడు. పిక్క వైపు చూసుకున్నాడు. "ఇంట్లో ఏమీ లేదు. ఎక్కడ ఎత్తాలో తెలియట్లేదు."

అప్పుడు అచ్చమ్మకి మొత్తం తెలిసొచ్చింది. గడపలు తీయించాకే ఆయన ఆగిపోయింది. గడపలున్నన్నాళ్ళూ రోజూ పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చున్న మనిషి. పడింది కాళ్ళపట్టా మీద, కోయించింది గడపల్ని. రోగం ముదిరిందని గుండెలు బాదుకున్న ఇన్ని రోజులూ, ముదిరినదానికన్నా తను తీయించినదే ఎక్కువ చేటు చేసింది. తన మీద తనకి ఒళ్ళు మండింది. అంతకు పదింతలు హాయిగా ఉంది. పొరపాటు తనదే అయితే దిద్దుకోవచ్చు.

గోపీచంద్ అక్కడి నుంచే స్టెల్లాకి ఫోను చేసి స్పీకరులో పెట్టాడు. ఆ పిల్ల అంతా వింది. "మీ ఇంట్లో ఇదివరకు గడపలుండేవా? నాకెవరూ చెప్పలేదే" అంది. తర్వాత విడమర్చి చెప్పింది. ఈ జబ్బులో కొంతమందికి ఇలా ఉంటుందట. చదునైన చోట, ముఖ్యంగా గుమ్మాల్లో, కాలు బిగుసుకుపోతుంది. నేల మీద అడ్డంగా ఒక గీత కనబడితే దాన్ని దాటడానికి అడుగు పడుతుంది. గుమ్మాల పాఠం మొదలుపెట్టాక తనూ గీతలే వేయించేదట.

"అయితే పాత గడపలు పెట్టించేస్తానమ్మా" అంది అచ్చమ్మ.

"వద్దాంటీ. అలిసిపోయిన రోజు ఎత్తు గడప తగిలితే పడతారు. ఎత్తు అక్కర్లేదు, గీత కనబడితే చాలు. ఇంకో మాట. దీంతో జబ్బు నయమైపోదు. ఒక్కోరోజు గీత ఉన్నా ఆగిపోవచ్చు. అప్పుడు కంగారు పడకండి."

మర్నాడు స్టెల్లా టేపు చుట్ట తెచ్చి గుమ్మం గుమ్మానికీ అడ్డంగా అతికించింది. పడగ్గది గుమ్మం దగ్గర నరసింహమూర్తి ఆగి, కిందికి చూసి, కాలెత్తి దాటేశాడు. దేవుడి గది, గోపీచంద్ గది, అన్నీ దాటాడు. గోపీచంద్ వెనకాలే చేతులు చాపుకుని తిరిగాడు, అవసరం పడలేదు. వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాదాలు పాత పాటే పాడాయి. ఆయన ఎంతసేపు చూసినా కాలు లేవలేదు. అచ్చమ్మకి ప్రాణం ఉసూరుమంది. షెడ్డులో జరిగింది ఏదో ఒక్కనాటి అదృష్టమేమో అనుకుంది.

స్టెల్లా వంగి చూసింది. తక్కిన గుమ్మాల కింద టైల్సు తెల్లవి, ఇక్కడిది గోధుమ రంగు, టేపూ అదే రంగు. లోపల వెలుతురు కూడా తక్కువ. "గీత కనబడట్లేదాంటీ. కొట్టొచ్చినట్టు కనబడే రంగు కావాలి" అంది.

"ఆ సంగతి నాకొదిలెయ్యమ్మా" అంది అచ్చమ్మ.

కృపావరం వచ్చాడు. అటక మీంచి దుప్పటి మూట దించారు. దులిపితే గడపల మీద పసుపు ఇంకా అక్కడక్కడా అంటుకునే ఉంది. మూల గది కోసం కోసిన చెక్క వేరే ఇంటికి వాడుకోమని అచ్చమ్మ అంటే, "ఆయ్, నేనింకా కొయ్యలేదండి అమ్మగారూ. ఎందుకో చెయ్యాడలేదండి" అన్నాడు. ఒక్కో గడపలోంచి రెండు వేళ్ళ వెడల్పున పలచటి పట్టీ తీశాడు. గుమ్మాల కింద టైలు అంతమేర కోసి, పట్టీని అందులో దించాడు. స్టెల్లా పెట్టిన షరతు ఒకటే, నేలకి సమంగా ఉండాలి, అరికాలికి తగలకూడదు. కృపావరం పట్టీ పట్టీకీ చెయ్యి వేసి రాసి చూసి, ఎక్కడైనా వెంట్రుకవాసి లేచిందంటే మళ్ళీ చిత్రిక పట్టాడు. వీధి గుమ్మం మీద పరిచిన వాలు చెక్కకి కూడా అడ్డంగా ఒక గీత గీశాడు.

రంగు మాత్రం అచ్చమ్మ ఎవరినీ వేయనివ్వలేదు. ఏలూరు వెళ్ళి పసుపుపచ్చ రంగు డబ్బా ఒకటి, ఎర్రది ఒకటి తెచ్చుకుంది. జారని రంగేనా అని దుకాణంవాడిని విసిగించి మరీ తెచ్చింది. పీట వేసుకుని కూర్చుని ముందు పచ్చరంగు వేసింది. అది ఆరాక ఎర్రటి బొట్లు పెట్టింది, వేలితోనే. బ్రష్షు ఉంది కదమ్మా అని గోపీచంద్ అంటే, బ్రష్షుతో పెడితే బొట్టెలా అవుతుందిరా అంది. టైల్సు మధ్య ఆ పట్టీలు ఇల్లంతా మెరిశాయి. చూడబోతే ఇల్లు మునుపటి కన్నా అందంగానే ఉంది. ఈ మాట మాత్రం ఇంజనీరు చెవిన వేయాలని ఆవిడ మనసులో అనుకుంది.

రంగు బాగా ఆరడానికి ఒక రోజు ఎవరినీ గుమ్మాల దగ్గరికి రానివ్వలేదు. ఆ మర్నాటి పొద్దున్న అచ్చమ్మ పొయ్యి మీద పాలు పెట్టింది. రమ్మని పిలవలేదు. మంచం దగ్గరికి కాఫీ పట్టుకెళ్ళనూ లేదు. డికాషను దిగుతోంది. పడగ్గదిలో మంచం చప్పుడైంది. పాదాలు నేలకి రాసుకుంటున్న చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆవిడ చేతిలో గరిటె కూడా ఆగింది. చప్పుడు మళ్ళీ మొదలై హాల్లోకి వచ్చింది. హాల్లో మెల్లగా, చాలా మెల్లగా సాగి వంటింటి గుమ్మం దగ్గర మళ్ళీ ఆగింది.

అచ్చమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆయన తనని చూస్తాడు, గీతని చూడడు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. పడనిచ్చింది.

పక్కనే స్టూలు కిర్రుమంది.

తిరిగి చూసేసరికి నరసింహమూర్తి గోడకి చెయ్యి ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. ఆయాసపడుతున్నాడు, నుదుటి మీద చెమట ఉంది. "పాలు పొంగబెట్టేసేవ్" అన్నాడు. ఆవిడ గ్లాసు సగం మాత్రమే నింపి, ఒలక్కుండా, ఆయన రెండు చేతుల్లో పెట్టింది. ఆయన నెమ్మదిగా తాగాడు. ఆవిడ పొయ్యి తుడుచుకుంటూ నిలబడింది. ఇన్ని రోజులుగా గుండెల మీద మోస్తున్నది ఏదో దిగిపోయి ఒళ్ళంతా తేలికైపోయింది. రేపు ఆయన మళ్ళీ ఆగిపోవచ్చు. స్టెల్లా ఆ మాట దాచలేదు. ఇవాళ మాత్రం వచ్చాడు.

ఆయన గ్లాసు దించాడు. మెడ నెమ్మదిగా పైకెత్తాడు. గుమ్మం నెత్తినున్న పట్టీని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు.

"కోళ్ళు ఇంకా మేతకి పోలేదేంటే" అన్నాడు.

అచ్చమ్మ కూడా పైకి చూసింది. పొట్టి మెడలు, పొట్టి ముక్కులు, పొట్టి కాళ్ళు. ఇన్నేళ్ళూ వాటి కోసం ఎంతమందితో వాదించిందో.

"కోళ్ళేనండి. ఇప్పుడే పోతాయి" అంది.

నరసింహమూర్తి గ్లాసు పక్కన పెట్టి భార్యని పరకాయించి చూశాడు.

"ఒంట్లో బాగానే ఉందా నీకు?" అని అడిగాడు.